ఈ ఏడు బుడంకాయ ఎవరి లెక్కలో?

ప్రియమైన బుడంకాయ వాళ్ళమ్మకు,

ఫోను ఎత్తడం మానేశావు కాబట్టి రాస్తున్నాను. విడాకులయ్యాక కూడా ఈ "ప్రియమైన" ఏమిటని చిరాకుపడకు. ఉత్తరం ఇంకోలా మొదలుపెట్టడం నాకు చేతకాదు.

నా పన్ను కాగితాలు వెనక్కి వచ్చాయి. పోషించే పిల్లలుంటే పన్ను తగ్గించే గడిలో బుడంకాయ పేరు నేనూ రాశాను, ఇంకెవరో కూడా రాశారట. ఇంకెవరో అంటే నువ్వే కదా. ఒకే పిల్లను ఇద్దరం చూపించుకోకూడదు, ఒక ఏడు నువ్వు, ఒక ఏడు నేను అని కోర్టులో సంతకాలు పెట్టాం. పోయినేడు నువ్వు రాసుకున్నావు. ఈ ఏడు నా వంతు.

వేసవిలో పోయిన ఎనిమిదేళ్ళ పిల్లను కాగితంలో ఎలా రాయాలో తెలియక, ముందే మా పన్నుల గుమాస్తాను అడిగాను. "ఏడాది మధ్యలో పోయినా, లెక్కలో ఆ ఏడాదంతా ఉన్నట్టేనండీ" అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడో! డిపోకి తిరిగొచ్చి బస్సు కింద దూరాను. ఏ బోల్టు విప్పుతున్నానో కూడా తెలియకుండా చాలాసేపు అలాగే పడుకుండిపోయాను. ఏడాదంతా ఉన్నట్టేనట.

దయచేసి నీ కాగితాల్లోంచి పేరు తీయించు.

ఇట్లు,
బుడంకాయ నాన్న

*

బుడంకాయ నాన్నగారికి,

మీ ఉత్తరం అందింది. మీరు అడగలేదు గానీ, నేను బాగానే ఉన్నాను.

వంతులనేవి కోర్టు మాట. పన్నులవాళ్ళు చూసేది పిల్ల ఎవరి దగ్గర ఎక్కువ రోజులు ఉందని. నా దగ్గర ఉంది. కిడ్నీలు పాడయ్యాక ఆస్పత్రిలో ఉంది, పక్కన కుర్చీలో నేనున్నాను. కళ్ళద్దాల షాపులో జీతం లేని సెలవు పెట్టుకుని కూర్చున్నాను. మీరు డ్యూటీ దిగి, గోళ్ళలో గ్రీజుతో వచ్చి, కాసేపుండి, దాన్ని కడుపుబ్బ నవ్వించి వెళ్ళేవారు. నవ్వించడం మీ వంతు, మందు మింగించడం నా వంతు. చివరికి నన్ను చూస్తేనే ముఖం తిప్పుకునేది. ఆ వంతు గురించి కోర్టులో ఎవరూ రాసుకోలేదు.

వెనక్కొచ్చే డబ్బు కోసమైతే సూటిగా అడగండి. పేరు మాత్రం తీయించను.

బుడంకాయ అమ్మ

*

ప్రియమైన బుడంకాయ వాళ్ళమ్మకు,

డబ్బట! అదంతా నువ్వే ఉంచుకో, నాకు చిల్లిగవ్వ వద్దు.

కాసేపుండి వెళ్ళిపోయేవాణ్ణా? ఆ వార్డులో రాత్రిపూట ఒక్కరే ఉండాలంటే, నర్సుతో "నేనుంటాను, ఆయన వెళ్తారు" అన్నది ఎవరు? నేను ఇంటికి పోలేదు. కింద సైకిల్ స్టాండులో కూర్చునేవాణ్ణి. నీకు చెప్పలేదు. చెబితే "అయితే ఏంటట?" అనేదానివి.

బడిలో దాని పేరు కొట్టేశారు. బట్టలు నువ్వు పట్టుకెళ్ళావు. నా ఇంట్లో మిగిలింది ఒక టూత్‌బ్రష్షు. "నాకు రెండిళ్ళు, పాపం మీకు ఒక్కొక్కటే" అని గొప్పలు పోయేది, గుర్తుందా? మనం మొహమొహాలు చూసుకోలేక నేల చూపులు చూసేవాళ్ళం.

పన్ను కాగితంలో 'మీకు ఏమవుతారు?' అని ఒక గడి ఉంటుంది. అక్కడ 'కూతురు' అని రాశాను. గుండ్రంగా, కొట్టివేతల్లేకుండా రాశాను. వచ్చే ఏడు ఆ మాట రాయడానికి నాకు చోటుండదు. ఈ ఒక్కసారికి రాసుకోనీ.

ఇది రాస్తుండగానే ఇంకో నోటీసు వచ్చింది. సోమవారం ఇద్దర్నీ పన్నుల ఆఫీసుకు రమ్మన్నారు. నీకూ వచ్చే ఉంటుంది. నువ్వు వినకపోతే ఇక అక్కడే తేల్చుకుందాం.

ఇట్లు,
బుడంకాయ నాన్న

*

ప్రియమైన మీకు,

సోమవారం నుంచీ రాద్దామని కూర్చోవడం, లేవడం. ఇదే పనిగా ఉంది.

ఆ ఆఫీసరమ్మ మన ఫైలు పూర్తిగా చదివినట్టు లేదు. తప్పు పట్టలేను, బయట బెంచీల నిండా జనం. "పాప ఇప్పుడు ఎవరి దగ్గర ఉంటోందండీ?" అని అడిగేసరికి మీ వైపు చూశాను. మీరు బల్ల గుద్ది అరుస్తారనుకున్నాను. లేదంటే జరిగింది చెబుతారనుకున్నాను.

"వాళ్ళమ్మ దగ్గరేనండీ" అన్నారు మీరు.

బడి వదిలాక తిన్నగా నా దగ్గరికి వచ్చేసినట్టే అన్నారు.

"అయితే మీరు తప్పుకున్నట్టేగా, ఇక్కడ సంతకం పెట్టండి" అంది ఆవిడ. పెట్టేసి, నా వైపైనా చూడకుండా మెట్లు దిగిపోయారు. వెనకాలే వచ్చాను. ఏమని పిలవాలో తెలియలేదు. "ఏవండీ" అనడం మానేసి నాలుగేళ్ళయింది కదా.

మీకు తెలియనిది ఒకటుంది. మీ వంతు కావాలని లాక్కోలేదు. నా పన్నులు చూసే గుమాస్తా పోయినేటి కాగితాలు ముందు పెట్టుకుని, తల కూడా ఎత్తకుండా, "ఇంట్లో మార్పులేమైనా ఉన్నాయామ్మా? పోయినేడు లాగే రాసెయ్యనా?" అని అడిగాడు.

"మార్పులేం లేవు, అలాగే రాసెయ్యండి" అన్నాను.

అబద్ధమాడుతున్నట్టు నాకు అనిపించలేదు. ఇంకో మాటకు నోరు రాలేదంతే. అతను రాసుకుంటుంటే బల్లకు ఇవతల కూర్చుని ఆ పేరును తలకిందులుగా చదువుకున్నాను. మీరు మొదటిసారి రాసినప్పుడే ఇదంతా చెప్పాల్సింది. మిమ్మల్ని నాలుగు మాటలనడం తేలికనిపించింది.

షాపులో మళ్ళీ పనిలో చేరాను. చిన్నపిల్లల ఫ్రేములొస్తే పక్కనమ్మాయి వైపు జరిపేస్తున్నాను.

వచ్చే ఏడు మళ్ళీ ఆ గుమాస్తా ముందు కూర్చోవాలి. అతను మళ్ళీ అదే అడుగుతాడు. ఈసారి చెప్పక తప్పదు. ఒక్కదాన్నే వెళితే మళ్ళీ "ఏం లేవు" అనేస్తానేమోనని భయంగా ఉంది. మీరు వస్తారా? ఏమీ మాట్లాడక్కర్లేదు. నేను చెప్పేదాకా పక్కన కూర్చోండి, చాలు.

బుడంకాయ అమ్మ