రెండు మిల్లీమీటర్ల పాపం

కిరండూల్,
నవంబరు 3

జగదల్‌పూర్‌లో ట్రాలీలకు వెల్డింగ్ చేయు సోదరి గంగారత్నం గారికి, ఇనుప కొండ కింద టైమ్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు అందరి హాజరూ వేసి, రిటైరై, ఇప్పుడు ప్రభువు పనిలో ఉన్న రాజేశ్వరరావు వందనములతో వ్రాయునది.

మూడుసార్లు ఫోన్ చేశాను. మీ దుకాణంలో గ్రైండర్ తప్ప ఎవరూ మాట్లాడలేదు. మంచిదే. అపొస్తలులు కూడా ఫోన్లు చేయలేదు, సంఘాలకు పత్రికలని ఉత్తరాలే వ్రాశారు. అందుకే దీన్ని బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.

విషయమేమనగా, మా కూడికల కోసం ఒక ట్రాలీ చేయించాము. జనరేటరు, రెండు పెద్ద స్పీకర్లు, ఎనభై కుర్చీలు అందులో పడతాయి. దాన్ని నా బొలేరో వెనక తగిలించడానికి ఇనుప గుండు కావాలి. హిచ్ బాల్ అంటారని మా బిజ్జా చెప్పాడు. బిజ్జా మా సంఘంలో ఫిట్టరు. చేతులు మంచివి, మాట తక్కువ.

బలమైన గుండు పంపండి. సమ్సోను పట్టి లాగినా ఊడకూడదు. డిసెంబరు మొదటి ఆదివారం బచేలీలో మహాసభ. గని జనరల్ మేనేజరు గారు వస్తున్నారు. కాబట్టి చూపుకు కూడా బాగుండాలి.

ప్రభువునందు మీ సహోదరుడు,
రాజేశ్వరరావు

తా.క.: నన్ను పాస్టరు గారూ అని పిలవవద్దు. నేను ఏ బైబిలు కాలేజీలోనూ చదవలేదు, అంతా సొంతంగా నేర్చుకున్నాను. పిలిస్తే మటుకు ఏమీ అనుకోను.


జగదల్‌పూర్,
నవంబరు 6

పాస్టరు గారికి నమస్కారం.

ఫోన్ ఎత్తలేదని ఏమీ అనుకోకండి. చేతికి గ్లౌజు ఉంటే ఫోను నా వేలిని గుర్తుపట్టదు.

గుండుకి అందం చూడకూడదండీ. ముందు మీ ట్రాలీ మూతి చూడాలి. అంటే గుండు మీద బోర్లా కూర్చునే కప్పు. మీ బిజ్జా ఫోటో తీసి పంపాడు, దాని మీద 50 అని ఉంది. కాబట్టి గుండు కూడా 50 మిల్లీమీటర్లే ఉండాలి. రెండు తగ్గినా స్పీడ్ బ్రేకర్ దగ్గర మూతి ఎగిరి బయటికొచ్చేస్తుంది. ఎర్రగా కాల్చి అచ్చులో కొట్టిన ఉక్కు గుండు పంపిస్తున్నాను. నల్లగా ఉంటుంది. రోడ్డు పక్కన తళతళలాడుతూ దొరికేవి ఉన్నాయి, వాటిలో పూత ఒక్కటే నిజం.

బిగించేటప్పుడు స్ప్రింగ్ వాషరు మరిచిపోవద్దు. పొడుగు పానా పెట్టి, మనిషి బరువంతా వేసి బిగించమనండి. యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించాలి. బండికీ ట్రాలీకీ మధ్య గొలుసు తప్పనిసరి.

ఇట్లు,
గంగారత్నం

తా.క.: సమ్సోను ఎంత బరువు లాగుతాడో మీరు రాయలేదు. ఈ గుండు మటుకు టన్నున్నర లాగుతుంది.


కిరండూల్,
డిసెంబరు 8

నీనెవె పట్టణమంత పాపాన్ని ఒక్క షట్టరు వెనక దాచుకున్న గంగారత్నం గారికి, వందనములు లేకుండా వ్రాయునది.

నిన్న బచేలీలో, సరిగ్గా సభ గేటు ముందు, స్పీడ్ బ్రేకర్ మీద నా ట్రాలీ నన్ను విడిచిపెట్టింది. జనరల్ మేనేజరు గారు నాకు వేయడానికి దండ పట్టుకుని నిలబడ్డారు. నేను కిటికీలోంచి చేయి ఊపుతున్నాను. వెనక చప్పుడైతే చప్పట్లనుకుని ఇంకా గట్టిగా ఊపాను. ఎనభై కుర్చీలు రోడ్డంతా పరుచుకున్నాయి. పక్కనే సండే స్కూలు పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. గొలుసు పట్టి ఆపబట్టి ట్రాలీ వాళ్ళ మీదికి పోలేదు. అది దేవుని దయ. మిగిలినదంతా మీ పాపం.

టన్నున్నర లాగుతుందని రాశారు. అబద్ధమాడిన అననీయ ఏమయ్యాడో మీకు తెలియకపోతే జవాబు రాయండి, చెబుతాను.

మండుచున్న హృదయంతో,
రాజేశ్వరరావు

తా.క.: కింద పడ్డాక కూడా స్పీకరు మోగుతూనే ఉంది. బంధకాలు తెంచినందుకు స్తోత్రం అనే పాట. జనం నవ్వారు. మేనేజరు గారు కూడా.


జగదల్‌పూర్,
డిసెంబరు 11

పాస్టరు గారికి, నా వైపు నుంచి నమస్కారం ఉంది.

పిల్లలకి ఏమీ కాలేదు గదా, అది చాలు. ఇప్పుడు నేను అడిగినవాటికి జవాబు చెప్పండి. నట్టు ఊడిందా? గుండు విరిగిందా? లేకపోతే రెండూ బాగానే ఉండి మూతి పైకి లేచి వచ్చేసిందా? గుండు నెత్తి మీద ఏ అంకె ఉంది?

నేను పంపిన గుండుని బిజ్జా బిగించాక ఫోటో పెట్టాడు. నా దగ్గర పనిచేసేవాళ్ళకి కూడా చూపించాను, బిగించడమంటే ఇది అని. ఎవర్నైనా తిట్టే ముందు బండి వెనక్కి వెళ్ళి ఒకసారి వంగి చూడండి.

ఇట్లు,
గంగారత్నం

తా.క.: అననీయ సంగతి మా పక్క టీకొట్టు భద్రమ్మ చెప్పింది. అబద్ధమాడి అక్కడికక్కడే పడి చచ్చాడట. నేను ఇంకా వెల్డింగ్ చేస్తూనే ఉన్నాను.


కిరండూల్,
డిసెంబరు 15

గంగారత్నం గారికి సగం వందనములు.

నట్టు ఊడలేదు. గుండు విరగలేదు. కాబట్టి మీరు ప్రస్తుతానికి తప్పించుకున్నారు. ఇక మిగిలినది బిగించినవాడు.

నిన్న ఆరాధనలో ఆకాను కథ ఎత్తుకున్నాను. ఒక్కడు గుడారంలో దాచిన పాపానికి ఇశ్రాయేలీయులంతా ఓడిపోయిన కథ. గంటన్నర చెప్పాను. చివర, మన పాళెంలో ఆకాను ఎవడు అని అడిగి, బిజ్జాను పేరు పెట్టి లేపాను.

"ఏం చెప్తావు బిజ్జా?" అన్నాను.

చేతులు కట్టుకుని నేల చూశాడు. "ఏం లేదయ్యా" అన్నాడు.

మౌనం ఒప్పుకోలే అని సంఘానికి వివరించాను. ముగింపు పాట అయ్యేసరికి పానాల సంచి గడప దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. చింతలనార్‌లో వాళ్ళ అక్క బుధ్రి ఇంటికి పోయాడట. అతని భార్య సుమిత్ర మా పాటలకు ముందు గొంతు. ఆమె పెదవి కదపలేదు. పదకొండేళ్ళుగా మందిరంలో ఫ్యాను ఆగినా తలుపు వంగినా బాగుచేసినవాడు అతనే. ఇవాళ పొద్దున మైకు పనిచేయలేదు. ఎవర్ని పిలవాలో తోచలేదు.

పాపాన్ని ఖండించిన తర్వాత నాకు ఎప్పుడూ ఆకలి బాగా వేస్తుంది. ఈసారి వేయలేదు. అజీర్తి కావచ్చు.

రాజేశ్వరరావు

తా.క.: గుండు మీద అంకె అడిగారు. ఏమీ లేదు, అద్దంలా నున్నగా ఉంది. వంగి చూస్తే నా మొహమే కనబడింది.


జగదల్‌పూర్,
డిసెంబరు 18

రాజేశ్వరరావు గారికి,

నేను పంపిన గుండులో ఎవరి మొహమూ కనబడదండీ. అది నల్లది. నెత్తి మీద 50 అని కొట్టి ఉంటుంది. అది ఇప్పుడెక్కడుంది? బండికి ఉన్నది ఎక్కణ్ణించి వచ్చింది?

దాన్ని విప్పి తిప్పండి. కింద అంచు మీద ఏముందో చదవండి. చదివాక మందిరంలో ఎవర్ని నిలబెట్టాలో మీరే చూసుకోండి.

గంగారత్నం

తా.క.: అది అజీర్తి కాదనుకుంటాను.


కిరండూల్,
డిసెంబరు 29

దావీదు రాజు తప్పును అతని మొహం మీదే చెప్పిన నాతాను ప్రవక్తలా నా ముందు నిలబడిన సోదరి గంగారత్నం గారికి, తల ఎత్తకుండా రాజేశ్వరరావు వ్రాయునది.

విప్పాను. తిప్పాను. కింద 48 అని ఉంది.

సభకు రెండు రోజుల ముందు దంతెవాడ రోడ్డు పక్కన అది ఎండలో మెరుస్తుంటే నేనే కొన్నాను. మేనేజరు గారి కంట పడుతుందని. గుండు గుండే గదా అనుకున్నాను. బిజ్జా చేత మీ నల్లదాన్ని తీయించి దీన్ని పెట్టించాను. నల్లదాన్ని నా బల్ల మీద పెట్టుకున్నాను, ప్రసంగం కాగితాలు ఎగిరిపోకుండా. ఆకాను ప్రసంగం వారమంతా దాని కిందే ఉంది. మిమ్మల్ని తిట్టిన ఉత్తరాలు కూడా దాని పక్కన కూర్చునే రాశాను.

మార్చిన సంగతి మరిచిపోయానని అనలేను. మరిచిపోలేదు. నేను చేసిన పని గనుక తప్పు అందులో ఉంటుందని వెతకలేదు, అంతే. టైమ్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు అందరి ఆలస్యమూ ఎర్ర సిరాతో రాశాను. నా వరసలో ఎర్ర చుక్క లేదు. రాసేవాణ్ణి నేనే గదా.

ఇరవై ఒకటో తారీఖు ఆదివారం బిజ్జాను నిలబెట్టిన చోటే నేను నిలబడి ఇదంతా చెప్పాను. నాలుగు నిమిషాలు పట్టింది. నా ప్రసంగాలు ఎరిగినవాళ్ళు, ఇంకా ఉందేమోనని కూర్చునే ఉన్నారు. సుమిత్ర ఒక్కతే లేచింది. "ఈడ చెప్తే ఆయనకేమి ఇనబడుతది?" అంది.

మర్నాడు నల్ల గుండు ఒళ్ళో పెట్టుకుని చింతలనార్ బస్సెక్కాను. దారిలో తనిఖీ పోలీసులు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇదేమిటని హిందీలో అడిగారు. నా పాపం అని చెప్పాను. ఇంకో గంట కూర్చోబెట్టారు.

నేను చేరేసరికి బిజ్జా వాకిట్లో వడ్లు ఎండబోస్తున్నాడు.

"గుండు చిన్నది బిజ్జా" అన్నాను.

"తెలుసయ్యా."

"ఎప్పటి నుంచి?"

"బిగించిన నాడే. మూతి ఊగుతాంది. గందుకే ఇంకో గొలుసు ఏసిన."

పిల్లల్ని కాపాడింది దేవుని దయ అని మీకు రాశాను. ఆ దయకు గొలుసు కట్టినవాణ్ణి నేను పాళెం బయటికి పంపాను.

"నాతో ఒక్క మాట అనకూడదా?" అన్నాను.

"అన్న. రెండు పార్లు అన్న. మీరు వాక్యం సదువుతాన్నరు. ఆగమని చెయ్యి ఎత్తిన్రు." కాసేపు వడ్లు తిరగేశాడు. "ఇంక దించలే."

"పోనీ, మందిరంలో నేను లేపినప్పుడైనా?"

"గంతమంది ముందర ఏందయ్యా చెప్పేది? నాకంటే అక్క ఇల్లున్నది. మీరు ఏడికి పోతరు?"

బుధ్రి చెంబుతో అంబలి తెచ్చిచ్చింది. తల వంచి తాగాను. చెయ్యి దించడానికి అదొక పని దొరికింది.

క్రిస్మస్‌కు బిజ్జా తిరిగి వచ్చాడు. సంచి గడప దగ్గరే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. ముందు మైకు బాగుచేశాడు. తర్వాత మీ నల్ల గుండును బొలేరోకు బిగించాడు, స్ప్రింగ్ వాషరు వేసి, బరువంతా పానా మీద పెట్టి. మెరిసేదాన్ని ఏం చేయమంటారు అని అడిగాడు. నేను ప్రసంగించే బల్ల మీద, నాకెదురుగా బిగించమన్నాను. నోరు తెరిచే ముందు ఒకసారి చూసుకోవడానికి.

క్షమాపణ కోరుతూ, పూర్తి వందనములతో,
రాజేశ్వరరావు

తా.క.: దానిలో నాకు ముక్కూ, ఎత్తిన చెయ్యీ తప్ప ఇంకేమీ కనబడటం లేదు. నిన్నటి ఆరాధన కాగానే, ఇక తీసేద్దామా అని బిజ్జాను మెల్లగా అడిగాను. "యాభై ప్రసంగాలు అయినంక మళ్ల బిగించాలె గని, తీసుడు లేదయ్యా" అన్నాడు.