ఫొటో అయినంక క్లబ్బు

చర్ల మండలం,
నవంబరు 15, శనివారం.

నాయినకు,

ప్రభువు పేర నీకూ అమ్మకూ మీ మహిమ వందనాలు. మీరిద్దరూ అక్కడ క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను. నేనూ ఇక్కడ క్షేమమే అని రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. ఫోన్ చేయడం లేదని అమ్మ అలిగిందన్నావు. ఇక్కడ సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు మెట్లెక్కాలి. ఎక్కి మాట్లాడితే అక్కడ నీకు సగమే వినబడుతుంది, ఇక్కడ ఊరందరికీ మొత్తం వినబడుతుంది. నేను చెప్పాల్సింది అరిచి చెప్పే సంగతి కాదు. అందుకే కాగితం తీశాను.

ముందు అమ్మ అడిగినవి. అన్నం తింటున్నాను. మధ్యాహ్నం పిల్లలతోపాటు బళ్లోనే. చిక్కిపోయానని మొన్న వచ్చి వెళ్లిన నా దోస్తు ఫ్లోరెన్స్ చెప్పిందట, దాని కళ్లకు అందరూ చిక్కినట్టే కనబడతారు. బదిలీ సంగతి ఇంకా ఏమీ తెలియదు. అమ్మ మోకాలి నొప్పికి ఖమ్మం దవాఖానాలో ఇచ్చిన మందు మానేసి పసరు రాసుకుంటున్నదని రాశావు. ఆమెకు నా మాటగా చెప్పు, పసరు రాసుకో, మందు కూడా మింగు అని.

ఇక నీ ప్రశ్న చదివి చాలా రోజులకు నవ్వాను. "క్లబ్బంటే మాకు తెల్సింది పేకాట క్లబ్బే బిడ్డా. బళ్లె క్లబ్బులేంది? పిల్లలతోని గూడ పత్తాలాడిపిస్తున్రా?" అని రాశావు. పేకాటే నయం నాయినా. అందులో ముక్కలైనా నిజంగా ఉంటాయి.

మా బళ్లో అరవై మూడు మంది పిల్లలు, నలుగురు టీచర్లం. క్లబ్బులు మాత్రం ఎనిమిది. మొక్కలు పెంచడానికి ఎకో క్లబ్బు, సైన్సుకు ఒకటి, ఇంగ్లిషుకు ఒకటి, ఆరోగ్యానికి ఒకటి, అట్లా. ఎనిమిది బ్యానర్లు చుట్టి స్టాఫ్ రూంలో బీరువా మీద పెట్టి ఉంటాయి. నెలకోసారి ఫొటోలు పెట్టమని గ్రూపులో మెసేజ్ వస్తుంది. అప్పుడు దుమ్ము దులిపి దించుతాం. యూనిఫాం కాస్త శుభ్రంగా ఉన్న పదకొండు మందిని నిలబెడతాం. చేతికి కుండీ ఇస్తే ఎకో క్లబ్బు. బ్యానర్ మార్చి గాజు సీసా ఇస్తే అదే పిల్లలు సైన్స్ క్లబ్బు. సబ్బు ఇస్తే ఆరోగ్యం. ఎనిమిదింటికీ ఇన్‌చార్జిని నేనే. అందరికంటే చిన్నదాన్ని, కాదనలేనిదాన్ని కదా.

ఇది తప్పని ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు. పాఠాలైతే ఒళ్లు దాచుకోకుండా చెప్పేదాన్ని, ఆ మాట నీ ముందు ధైర్యంగా అనగలను. ఫొటోలు పై వాళ్ల కోసం, పాఠాలు పిల్లల కోసం అనుకుని సర్దుకున్నాను.

పేపర్లో పడిన మా ఫొటోను అమ్మ కత్తిరించి బైబిల్లో పెట్టుకుని సంఘంలో అందరికీ చూపిస్తున్నదని రాశావు. ముందు వరసలో కూర్చుని పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న పిల్ల ఎవరని అడిగావు. చిన్నప్పుడు నేను అట్లాగే నవ్వేదాన్నని కూడా రాశావు.

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాయలేకే ఇన్ని రోజులు పట్టింది. ఇక్కడి నుంచి అమ్మకు చదివి వినిపించకు నాయినా. ముందు నువ్వొక్కడివే చదువు.

ఆ పిల్ల పేరు రూప్లి. ఎనిమిదో తరగతి. వాగు అవతల అడవిలో ఇరవై గుడిసెలున్నాయి, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చి పోడు చేసుకుంటున్న వాళ్లవి. ఆ గుడిసెల నుంచి హైస్కూలుకు వచ్చింది ఆ పిల్ల ఒక్కతే. ఆరో తరగతిలో చేరిన కొత్తలో తెలుగు రాక బల్ల కింద దాక్కునేది. తర్వాత నాకే తన భాష మాటలు నేర్పింది. క్లబ్బులను నిజమని నమ్మింది మొత్తం బడిలో అదొక్కతే. అట్టముక్క గుండ్రంగా కత్తిరించి 'ఎకో క్లబ్బు, రూప్లి' అని రాసి పిన్నుతో చొక్కాకు పెట్టుకునేది. ఫొటో అయ్యాక మిగతా పిల్లలు కుండీలు అక్కడే పడేసి పరుగెత్తితే, అది తన కుండీని పంపు దగ్గరికి తీసుకుపోయి నీళ్లు పోసేది. ప్రతిసారీ నన్నొకటే అడిగేది, "ఫొటో అయినంక క్లబ్బు ఎప్పుడు మేడం?" అని. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

దాని తండ్రి పేరు హేమ్లా. వానాకాలంలో వాగు దాటించడానికి ఆయన వచ్చేవాడు. ఫోన్ లేదు, గడియారం లేదు, బడి గంటే లెక్క. మా గంట రైలు పట్టా ముక్క, కొడితే వాగు అవతలికి వినబడుతుంది. నాలుగుంబావుకు పొడుగు గంట పడగానే ఆయన అవతలి గట్టు మీదికి వచ్చి కూర్చునేవాడు. రెండు బీడీలు కాలే లోపు పిల్ల రాకపోతే, ఆ పూట మా ఊళ్లో తన దోస్తు దుర్గ ఇంట్లో ఉండిపోయిందని తెలుసుకుని వెనక్కి పోయేవాడు. తండ్రీ కూతుళ్ల ఒప్పందం అది. నాకు తెలుసు. తెలియదని చెప్పుకునే వీలు కూడా లేదు నాకు.

సెప్టెంబరులో ఒక శుక్రవారం. వారం రోజులుగా ముసురు. మూడింటికి మెసేజ్ వచ్చింది, సాయంత్రంలోగా క్లబ్బుల ఫొటోలు పెట్టని బళ్ల పేర్లు ఎర్ర రంగులో చూపిస్తామని. మా హెడ్మాస్టరు రాందాస్ సారు ట్యాంకు దిగి గాభరాగా వచ్చాడు. "మండలంల మూడే బళ్లు ఎర్రల పడ్తయంట మేడం, అండ్ల మనదొకటి. రేపు మీటింగుల అందరి ముంగట నన్ను నిలబెడ్తరు. జర పిల్లల్ని ఆపి కానియ్యండి" అన్నాడు.

ఆ ఫొటోలు మామూలుగా తీస్తే చెల్లవు. దానికొక యాప్ ఉంది. ఫొటో అడుగున నల్ల పట్టీ వచ్చి, దాని మీద ఊరు, తారీఖు, టైము పడతాయి. గదిలో తీస్తే ఊరు సరిగా పట్టదు, ఆరుబయట నిలబడాలి. వాన తెరిపి ఇచ్చేదాకా పిల్లల్ని వరండాలో ఆపాను. నాలుగుంబావుకు పొడుగు గంట కొట్టారు. మిగతా పిల్లలు వెళ్లిపోయారు. ఆ పదకొండు మంది ఉన్నారు. గంట విన్నాను నాయినా. విని, బ్యానర్ ముడతలు సరిచేశాను.

ఎనిమిది ఫొటోలూ తీసి ట్యాంకెక్కి పంపాను. ఎకో క్లబ్బుది వెనక్కి వచ్చింది, బ్యానర్ మీద అక్షరాలు కనబడటం లేదు, మళ్లీ తీయండని. మళ్లీ వాన, మళ్లీ ఆగడం. చివరి ఫొటో తీసేటప్పుడు రూప్లి మామూలుగానే అడిగింది, ఫొటో అయినంక క్లబ్బు ఎప్పుడు అని. నాకు విసుగొచ్చింది. దాని నోరు మూయించడానికి "రేపు పెడదాం" అన్నాను. అప్పుడు నవ్విందది. ఆ నవ్వే మీరు పేపర్లో చూసింది.

దుర్గ చెయ్యి పట్టి లాగింది, "మా ఇంటికి రాయే, చీకటైతది" అని. రూప్లి వినలేదు. "నాయిన గట్టు మీద ఉంటడు మేడం. గంట ఇని వచ్చి ఉంటడు" అంది నాతో. గంట పడి అప్పటికి ఎంతసేపైందో దానికి తెలియదు, వానలో పొద్దు తెలియదు కదా. నాకు తెలుసు. చేతిలో ఫోన్ ఉంది, ఫొటో మీద టైము ఉంది. ఐదు గంటల పన్నెండు నిమిషాలు. దుర్గ ఇంటికి పొమ్మని ఒక్క మాట అంటే సరిపోయేది. ఫొటో ఈసారైనా ఒప్పుకుంటారా అన్న ధ్యాసలో ఉండి, "సరే, జల్దీ పో" అన్నాను.

హేమ్లా వచ్చాడు, రెండు బీడీలు కాల్చాడు, దుర్గ ఇంట్లో ఉండిపోయిందనుకుని పోయాడు. ఆ తర్వాత పిల్ల ఒక్కతే వాగులో దిగింది. తండ్రేమో దుర్గ ఇంట్లో ఉందనుకున్నాడు. దుర్గ వాళ్లేమో ఇంటికి చేరిందనుకున్నారు. మర్నాడు పొద్దున దుర్గ ఒక్కతే బడికి వచ్చేదాకా ఎవరూ వెతకలేదు. ఆదివారం దొరికింది, చాలా కిందికి, వెదురు పొదల్లో. అదే ఆదివారం పేపర్లో మా ఫొటో పడింది, చిన్న బడి, చురుకైన క్లబ్బులు అని.

పై నుంచి అడగడానికి వచ్చారు. రాందాస్ సారు నన్ను పక్కకు పిలిచి, "గేటు దాటినంక మన బాధ్యత కాదు మేడం. బడి ఇడిసిన టైము రాయండి, అంతే. మీరేం అబద్ధం రాస్తలేరు" అన్నాడు. నేను రాశాను. 'సాయంత్రం నాలుగుంబావుకు బడి వదిలాము' అని నా చేతి రాతతో రాసి సంతకం పెట్టాను. బడి వదిలిన మాట నిజమే. పిల్లను వదల్లేదు. ఫొటో టైముకు వాళ్లెవరూ వంక పెట్టలేదు, ఫొటోలోని మిగతా పదిమంది పిల్లల్నీ ఎవరూ ఏమీ అడగలేదు. దుర్గ మాత్రం అప్పటి నుంచి నా క్లాసులో తలెత్తదు.

ఇంతవరకైతే పిరికితనం అనుకుందువు. దీని తర్వాతది విను.

పది రోజులకు హేమ్లా బడికి వచ్చాడు. తిట్టడానికే వచ్చాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆయన గుమ్మం బయటే నిలబడి, "రూప్లి ఫొటో ఉన్నదంట మేడం. మా తాన ఒక్కటి లేదు. దాని తల్లి అడుగుతున్నది" అన్నాడు. తర్వాత, "నాలుగుంబావుకే ఇడిసిన్రు, గంట ఇన్న. దారిల ఎక్కడనో ఆడుకుంట నిలబడ్డది. నేను ఇంకొక్క బీడీ ఆగితే సరిపోతుండె. జల్దీ లేసి పోయిన" అన్నాడు. ఏడవలేదు. ఎవరిమీదో తీర్పు చెప్పినట్టు తన మీద తాను చెప్పుకున్నాడు.

అప్పుడు నోరు తెరవాల్సింది. తెరవలేదు. చర్ల పోయి ఫొటో ప్రింటు తీయించాను. తీయించే ముందు అడుగున ఉన్న నల్ల పట్టీ కత్తిరింపజేశాను. ఆయనకు చదువు రాదు, కానీ గుడిసెల్లో ఎవరైనా చదివి చెబుతారేమోనని. ముందు వరసలో కూర్చున్న పిల్ల కదా, పట్టీతోపాటు దాని చేతులూ, చేతుల్లో కుండీ కూడా పోయాయి.

ఆయన ఫొటోను చాలాసేపు చూశాడు. "చేతులు ఏవి మేడం?" అని అడిగాడు. ఫొటోలో అంతే పడిందని చెప్పాను. నమ్మాడు. నేను టీచర్ని కదా.

ఇప్పటికీ నాలుగుంబావు గంట పడగానే ఆయన వచ్చి గట్టు మీద కూర్చుంటాడు. రెండు బీడీలు కాలాక లేవడు, పొద్దుగూకేదాకా ఉంటాడు. ట్యాంకెక్కితే కనబడతాడు. వాగులో ఇప్పుడు మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. నేను ట్యాంకెక్కడం మానేశాను. ఫోన్ రాకపోవడానికి అసలు కారణం అదీ.

పెదవులతో ప్రార్థన చేస్తాను, లోపల ఏమీ కదలదు. క్లాసులో హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర ఆగిపోతాను. బతుకు మీద ఆశ పోయింది నాయినా, ఇంతకంటే సున్నితంగా రాయడం నాకు చేతకాదు.

నేను ఏడో తరగతిలో ఉండగా నీకు సద్ది తెచ్చిన రోజు జ్ఞాపకముందా? ఎదురొమ్ము దాకా లేపిన గోడను నువ్వు దారం గుండు వేలాడదీసి చూసి, వేలెడు వాలిందని నీ చేత్తోనే కూలగొట్టావు. ఆ ఇంటాయన "పూత పడితే ఎవలకు కనబడ్తది మేస్త్రీ?" అంటే, "నాకు కనబడ్తది సారూ" అన్నావు. ఎండలో నిలబడి చూశాను. నువ్వు సాయంత్రం వృథా చేశావని నాకప్పుడు కోపం కూడా వచ్చింది.

నిన్న చర్ల పోయి ఫొటో మళ్లీ తీయించాను, ఈసారి పూర్తిగా. ఒకటి ఈ కవరులో పెడుతున్నాను. అమ్మ బైబిల్లోని ముక్క తీసి ఇది పెట్టండి. నేను రాసిచ్చిన మాట తప్పని కూడా కాగితం రాసి రాందాస్ సారు బల్ల మీద పెట్టాను. "బతికి ఉన్నోళ్ల సంగతి సూడు బిడ్డా" అన్నాడాయన. మంచివాడే, భయస్థుడు. నా ఉద్యోగం ఉండకపోవచ్చు. నా వల్ల సంఘంలో అమ్మ తల దించుకోవలసి వస్తే క్షమించమను. దీంతో నా మనసు తేలికవుతుందని మాత్రం అనుకోవడం లేదు. పిల్ల తిరిగి రాదు.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి అటునుంచి అటే వాగు దాటుతాను. వేశాక వెనక్కి తిరగడానికి వీలుండదని ముందు నీకు రాశాను. హేమ్లా ఇప్పుడు గట్టు మీద ఉంటాడు. ఫొటో చేతిలో పెడితే ముందు కూతురి చేతులు చూసుకుంటాడు, కుండీ చూసుకుంటాడు. వాటి కింద నల్ల పట్టీ మీద ఏం రాసి ఉందో ఆయన చదవలేడు. నేనే చదివి వినిపించాలి.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
మహిమ