చెమ్మ గోడ

శాండీఫోర్డ్,
మార్చి 2021

శౌరి బావగారికి నమస్కారం.

మీ చెల్లెలు ఫిలోమిన పోయిన ఇరవయ్యో రోజున మా అపార్ట్‌మెంట్ల మేనేజరు వచ్చాడు. కోవిడ్‌తో ఆమె విడిగా పడుకున్న గదిని గుమ్మంలోంచే చూశాడు. చెమ్మతో నల్లబడిన గోడ చూపిస్తే, "మీ వంటల ఆవిరే సార్. ఇంతకుముందు మీరెప్పుడూ చెప్పలేదే!" అన్నాడు. రెండేళ్లుగా ఆమె ఎన్నిసార్లు ఫోన్ చేసిందో! వాళ్లు ఒక్కటీ రాసుకోలేదు. మేము తలుపు బయట చెప్పులు విడిస్తే మాత్రం సాయంత్రానికల్లా నోటీసు అంటిస్తారు.

అద్దె తగాదాలు చూసే ఆఫీసుకు ఫిర్యాదు చేస్తున్నాను. గోడ ముందునుంచే అలా ఉందని రుజువు కావాలి. ఆమె మీకు వాట్సాప్‌లో పంపిన ఫొటోలన్నీ తేదీలతో సహా పంపండి.

నా దగ్గర ఒక్కటీ లేదు. "గొడవ పెట్టుకుంటే ఇల్లు ఖాళీ చేయమంటారు, ఊరుకో" అని ఒకసారి కసిరాను. ఆ తరవాత నాకు చూపించడం మానేసింది.