కీ లేని పళ్ళ డాక్టరు

మోంతెవిదేయో నగరం, పాలెర్మో పేటలో ఉంటున్న ఎదెల్‌మీరా బెంతాంకూర్ అనే నేను, వయసు డెబ్బై ఎనిమిది, వృత్తి బొమ్మల మరమ్మతు, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. నా మతి స్థిమితంగానే ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. మూడో అంశం దగ్గర మాత్రం అది కుదురుగా ఉండదు. ఆ సంగతి డాక్టరుకు చెప్పలేదు.

1. ఇల్లు, దుకాణం, పనిముట్లు నా మేనకోడలు సుల్మాకు సర్వహక్కులతో దఖలు. అమలుకర్త కూడా తనే. తన తండ్రి, అంటే నా తమ్ముడు వాల్తేర్‌కు ఏమీ లేదు. అమ్మ పోయిన వారానికే నా రేకు రైలును చెత్తబండిలో వేశాడు. ఎందుకు లేదో వాడికీ తెలుసు.

2. తోక లేని ఎలుక బొమ్మ సుల్మా కూతురికి. కీ ఇస్తే నేరుగా పోదు, గుండ్రంగా తిరుగుతుంది. బాగు చేయవద్దు, ఆ పిల్లకు అలాగే ఇష్టం.

3. రేకు పళ్ళ డాక్టరు బొమ్మ. కుర్చీలో రోగి, డాక్టరు చేతిలో పట్కారు, కీ ఇస్తే పన్ను పీకుతాడు. జర్మనీ పని. ఇలాంటిది మరొకటి చూశామని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ముప్పై ఒక్కేళ్ళ కిందట, ఒక పాత సామాన్ల వేలానికి ముందురోజు సరుకు చూడనిచ్చినప్పుడు, చెంచాల సొరుగులో నా కంటబడింది. అందరూ చేసే పనే నేనూ చేశాను. దాన్ని మాడిన కెటిళ్ళ పెట్టె అడుగున దాచి, మర్నాడు ఆ పెట్టె చవకగా పాడుకుందామనుకున్నాను. బౌదిలియో సరసువా అని, నాలాగే పాత బొమ్మల పిచ్చివాడు, నా వెనకాలే వచ్చి దాన్ని పాత బూట్ల పెట్టెలోకి మార్చాడు. నేను చూసి మళ్ళీ కెటిళ్ళలోకి తెచ్చాను. ఆ తొందరలో కీ బూట్లలోనే ఉండిపోయింది. మర్నాడు ఎవరి పెట్టె వాళ్ళం పాడుకున్నాం. ఎవరికి చెప్పుకుంటాం, దొంగకు తేలు కుట్టినట్టయింది ఇద్దరికీ.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆ మనిషి సంత చూసుకుని, కీ జేబులో వేసుకుని మా ఇంటికి వస్తాడు. "ఏం ఎదెల్‌మీరా, వాడి పన్ను ఊడిందా?" అంటాడు. "ముందు నీవి ఊడనీ, చూద్దాం. కూర్చో" అంటాను. మాతే ఆకుల టీ కాచుకుని తాగుతాం. బొమ్మ ఇమ్మంటాడు, కీ ఇమ్మంటాను, ఇద్దరమూ ఇవ్వం. ఇంకో కీ చేసుకోవడం నాకు పది నిమిషాల పని. చేస్తే ఆదివారాలు ఆగిపోతాయని భయపడ్డాను. అతను వచ్చేది బొమ్మ కోసమా, నా కోసమా? ఒక వారం ఇలా అనిపిస్తుంది, ఒక వారం అలా.

ఆ బొమ్మ బౌదిలియోకు దఖలు.

4. పై అంశం రద్దు. బొమ్మ సుల్మాకే.

5. నాలుగో అంశం రద్దు, మూడోదే ఖాయం. నోటరీ కలం కింద పెట్టి, "ఏదో ఒకటి తేల్చండి అమ్మగారూ, కాగితాలు అయిపోతున్నాయి" అన్నాడు. తేలితే ఇన్నాళ్ళు ఆగుతానా?

6. సాక్షి సంతకం పెట్టినవాడికి వీలునామా కింద ఏమీ రాదని చట్టం. అందుకే రెండో సాక్షిగా బౌదిలియోనే పిలిపించాను. ఈ కాగితమంతా, ఆ చట్టంతో సహా, అతనికి రెండుసార్లు చదివి వినిపించాలి. అతను సంతకం పెడితే బొమ్మ సుల్మాది, పెట్టకపోతే ఇంకో సాక్షిని పిలవాలి, బొమ్మ అతనిది. పెడితే నా కోసం వచ్చినట్టు, లేకపోతే బొమ్మ కోసం. రెండింటిలో ఏది తట్టుకోగలనో నాకే తెలియడం లేదు.

మోంతెవిదేయో, 2004 మే 14.

(సంతకం) ఎదెల్‌మీరా బెంతాంకూర్

సాక్షులు:
1. నెల్సన్ తెచేరా, నోటరీ గుమాస్తా.
2. బౌదిలియో సరసువా. (నోటరీ గమనిక: రెండోసారి చదవనివ్వలేదు. "చాల్లే, కలం ఇటియ్యి" అని సంతకం పెట్టాడు.)