చేతి మైకు కింద చీటీ

పెద్దనాన్నకు,

నమస్కారం అంటే నీకు కోపం, దండం అంటే ఇంకా కోపం. కాబట్టి బాగున్నావనే అనుకుని మొదలుపెడుతున్నాను.

నేనూ నా స్నేహితులూ కలిసి ఒక ప్రదర్శన పెడుతున్నాం. మూతబడిన బ్యాంకు మేడమీది హాలు దొరికింది. అందరం కొత్తవాళ్ళమే. ఇంతవరకు మా పనిని మెచ్చుకున్నది మా అమ్మలే, అదీ మొహమాటానికి. విషయం జ్ఞాపకం. ఒకతను వాళ్ళ తాత పడుకున్న మంచం నీడను గోడమీద గీస్తున్నాడు. ఒకమ్మాయి ఇంట్లో పాత దుప్పట్లు విప్పి ఆ దారంతోనే మళ్ళీ నేస్తోంది. ఇంకొకడు పాత ఇళ్ళ కుళాయిల చప్పుడు రికార్డు చేస్తున్నాడు. నా వంతు గోడ మాత్రం ఖాళీగా ఉంది.

మీ అటకమీద చేతి మైకు ఉంది కదా, మిల్లు లాకౌట్ రోజు నువ్వు పట్టుకుని మాట్లాడింది. చిన్నప్పుడు దాన్ని ముట్టుకుంటే వీపు విమానం మోత మోగేది. అది పంపుతావా? భద్రంగా తిరిగి ఇస్తాను. దాని కింద చిన్న చీటీ పెడతాం, అది ఏమిటి, దేంతో చేసింది, దాని కథ ఏమిటి అని. ఆ కథ నాలుగు ముక్కల్లో రాసి పంపు.

ఇట్లు,
నీ తమ్ముడి కూతురు
పిచ్చుక

తా.క. నాలుగు ముక్కలంటే నాలుగు ముక్కలే పెద్దనాన్నా. చీటీ నా అరచేయంత ఉంటుంది.

*

చిరంజీవి పిచ్చుకకు,

ఆశీస్సులతో ఎవరూ బాగుపడిన దాఖలా లేదు కనుక నేరుగా విషయానికి వస్తున్నాను.

ముందు నాకొక సంగతి చెప్పు. మీ తరానికి ఈ జ్ఞాపకాల జబ్బు ఎక్కడ తగులుకుంది? మీసాలు సరిగ్గా రానివాళ్ళు మరచిపోవడానికి ఏముందని గుర్తు చేసుకుంటున్నారు? మంచం నీడ గీస్తాడట. ఆ మంచం చేసిన వడ్రంగి ఎవరో, వాడికి పడుకోవడానికి మంచం ఉందో లేదో అడిగాడా మీవాడు? జ్ఞాపకం అంటే అటక దులిపి ముక్కు చీదుకోవడం కాదు. జ్ఞాపకం అంటే సాక్ష్యం. సాక్ష్యాన్ని గోడకు తగిలించి దానిమీద పచ్చ లైటు వేస్తే అది అలంకరణ అవుతుంది. చరిత్రను ఇలాగే చంపుతారు. ముందు మేకు కొడతారు, తరవాత టీ, బిస్కట్లు ఇస్తారు.

అయినా మైకు పంపుతున్నాను. నువ్వు వాడుకోకపోతే ఆ గోడను కుళాయిల వాడు ఆక్రమిస్తాడు, అది నేను భరించలేను.

ఇక కథ. యాజమాన్యం గేటుకు తాళం వేసింది. రోడ్డు అవతలి మైదానం జనంతో నిండిపోయింది. నేను నీళ్ళ పీపా ఎక్కి, ఈ మైకు నోటిదగ్గర పెట్టుకుని మాట్లాడాను. నా మాట పూర్తి కాకముందే జనం కదిలారు. సముద్రం లేచినట్టు లేచి గేటుమీదికి వెళ్ళారు. ఆ జనాన్ని చూసి మేనేజరు తానే తాళం తీశాడు. ఆ రోజునుంచి మిల్లులో నాకు మైకన్న అనే పేరు వచ్చింది.

చీటీమీద ఒకే వాక్యం ఉండాలి: "ఈ గొంతు మిల్లు గేటు తెరిపించింది." అక్షరం మారడానికి వీల్లేదు.

ఇట్లు,
పోరాటంలో నీ
పెద్దనాన్న

తా.క. కళకు రాజకీయాలు ఉండకూడదని ఎవడైనా అంటే వాడి చిరునామా పంపు.

ఇంకో తా.క. నేను, మీ పెద్దమ్మను. కవరు అంటించేది నేనే కాబట్టి కింద కాస్త చోటు దొరికింది. పైన రాసినదానికంతా అర్థం: మైకు పంపుతున్నారు, జాగ్రత్త. వేళకు తింటున్నావా?

*

పెద్దనాన్నకు,

మైకు చేరింది. నిలబడిన మనిషి నోటికి సరిగ్గా అందే ఎత్తులో తగిలించాను. పచ్చ లైటు వెయ్యలేదు, తెల్లదే.

చీటీ ఇలా రాశాను: "చేతి మైకు. రేకు, ప్లాస్టిక్, మౌనం. ఈ గొంతు మిల్లు గేటు తెరిపించింది." దేంతో చేశారో ముందు రాయడం మా పద్ధతి. కొత్త బ్యాటరీలు వేసి మీట నొక్కినా కుయ్యిమనలేదు, అందుకని మౌనం కూడా చేర్చాను. మావాళ్ళందరికీ ఆ మాట తెగ నచ్చింది.

ఇంకో సంగతి. నీ ఉత్తరం మావాళ్ళకు చదివి వినిపించాను. మంచం నీడ అతను మధ్యలోనే లేచి వడ్రంగిని వెతకడానికి వెళ్ళాడు, ఇంకా రాలేదు. మిగిలినవాళ్ళు ఆ ఉత్తరం కూడా ప్రదర్శనలో ఉండాల్సిందే అన్నారు. మైకు పక్కనే అతికించాం.

ఇట్లు,
పిచ్చుక

తా.క. వేళకు తింటున్నానని పెద్దమ్మకు చెప్పు. హాలు ఊడ్వడానికి వచ్చినవాళ్ళూ, రంగులు తెచ్చినవాళ్ళూ అందరూ నీ ఉత్తరం ముందు ఆగుతున్నారు. ఆగి, కింద కూచుని, అడుగునుంచి చదువుతున్నారు.

*

పిచ్చుకకు,

చిరంజీవి అని రాసే మూడ్‌లో లేను.

మౌనమా? నా మైకు మౌనంతో చేశారా? ఆ మైదానంలో ఆ మధ్యాహ్నం మౌనంగా ఉన్నది ఒక్క యాజమాన్యమే. ఇదే మీ కళ చేసే ద్రోహం. అరిచినవాడి నోట్లో గుడ్డ కుక్కి, ఆ గుడ్డ బాగుందని చప్పట్లు కొడతారు. అది నీ చేతుల్లో పలకకపోతే దారిలో దెబ్బ తగిలి ఉంటుంది, లేదా నీకు మీట నొక్కడం రాదు. మౌనం కొట్టెయ్. వెంటనే.

రెండోది. వ్యక్తిగతమైన ఉత్తరాన్ని నన్ను అడక్కుండా గోడకు అతికించావు. శ్రమ నాది, గోడ నీది. దీన్ని ఏమంటారో తెలుసా? పైగా ఆ ఉత్తరం అడుగున ఏముందని జనం అడుగునుంచి చదువుతున్నారు? అడుగున నా సంతకం తప్ప ఏమీ ఉండదు.

నీ మౌనానికి జవాబుగా ఆనాటి నా ఉపన్యాసం మొత్తం దీనితో జత చేస్తున్నాను. కాగితం అక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు. పదకొండు పేజీలు. అతికించాలనే ఉంటే ఇది అతికించు. మౌనం తీసెయ్యకపోతే ప్రారంభోత్సవానికి ముందే వచ్చి నా మైకు ఊడదీసుకుని పోతాను.

ఇట్లు,
మాట ఉన్న నీ పెద్దనాన్న

తా.క. నీళ్ళ పీపా కూడా పెట్టు. లేకపోతే ఎత్తు తెలియదు.

ఇంకో తా.క. అర్థం: కోపం వచ్చింది, కానీ గోడమీద ఉన్నందుకు లోపల మురిసిపోతున్నారు. అద్దం ముందు మళ్ళీ ఉపన్యాసం మొదలైంది. పీపా పెట్టకు తల్లీ, మోకాళ్ళు బాగాలేవు.

*

పెద్దనాన్నకు,

కోప్పడకుండా చివరిదాకా చదువు.

మైకు దారిలో దెబ్బ తినలేదు. మా కుళాయిల అతను విప్పి చూశాడు. లోపల ఒక తీగను అతికించడమే మరచిపోయారు, తయారైన చోటే. అది పుట్టినప్పటినుంచీ మూగదే.

అలా అయితే జనం ఎలా కదిలారు? అది తెలుసుకుందామని మిల్లు వెనక క్వార్టర్లకు వెళ్ళాను. మిల్లులో నూలు చుట్టే రీలింగు విభాగంలో చేసిన ఒక తాతను అడిగాను.

"మైకన్నా? ఎందుకు గుర్తులేడమ్మా. పీపా ఎక్కి చేతులు ఆడించాడు. ఒక్క ముక్క వినపడితే ఒట్టు."

"వినపడకపోతే మైకన్న అని ఎందుకు పిలిచారు తాతా?"

"మూగ మైకు పట్టుకుని అంతసేపు మాట్లాడినవాణ్ణి ఇంకేమని పిలవమంటావు?"

గేటు దగ్గరికి ఎందుకు వెళ్ళారని అడిగాను. "మా వెనకాల ఒకావిడ ఉంది, చంకలో పిల్ల. ఏమంటున్నాడమ్మా అని అడిగాం. గేటు దగ్గరికి పదమంటున్నాడు అంది. పోయాం." ఆవిడ ఎవరో ఆయనకు గుర్తులేదు.

తరవాత నీ ఉపన్యాసం చదివాను పెద్దనాన్నా. చాలా గొప్పగా ఉంది. అందులో గేటు మాట ఎక్కడా లేదు. "ప్రస్తుతానికి సంయమనంతో ఇళ్ళకు వెళ్ళి, సోమవారం వినతిపత్రం ఇద్దాం" అని ఉంది. మూడు చోట్ల ఉంది.

ఇప్పుడు చీటీమీద ఏం రాయమంటావు? "ఈ గొంతు మిల్లు గేటు తెరిపించింది" అని అబద్ధం రాయలేను. నీ పరువు తీసి నా గోడ నింపుకోనూ లేను. శుక్రవారం ప్రారంభోత్సవం. నువ్వు వద్దంటే మైకు దించేసి ఖాళీ గోడే చూపిస్తాను.

ఇట్లు,
పిచ్చుక

తా.క. మంచం నీడ అతనికి వడ్రంగి దొరికాడు. ఆయన నేలమీదే పడుకుంటాడట, నడుంనొప్పి వల్ల. నువ్వు అడిగిన ప్రశ్నకు ఇదీ జవాబు.

*

పిచ్చుకకు,

చరిత్రను ఒక తీగముక్క మీద వేలాడదీస్తావా? ఆ తాత రీలింగులో చేసినవాడు, ఆ యంత్రాల మోతలో వాడికి అప్పటికే చెవులు పోయి ఉంటాయి. వినతిపత్రం అన్నది ఎత్తుగడ. పైకి వినతిపత్రం, లోపల గేటు. చైతన్యం ఉన్న జనానికి లోపలిది అందింది. ఇక ఆ చంకలో పిల్ల ఉన్న మనిషి ఎవరో గానీ, నా భావాన్ని సరిగ్గా పట్టుకుంది. అలాంటి కార్యకర్తలే ఉద్యమానికి కావాలి. అప్పుడే ఆమెను గుర్తించి కమిటీలోకి తీసుకుని ఉండాల్సింది.

మైకు దించడానికి వీల్లేదు. ఖాళీ గోడ ఓటమి. శుక్రవారం నేనే వస్తున్నాను. ఆ కుళాయిల కుర్రాడితో తీగ అతికించి పెట్టమను. అందరి ముందూ అదే మైకులో అదే ఉపన్యాసం చేస్తాను. జనం కదులుతారో లేదో నీ కళ్ళతో నువ్వే చూసి, ఆ తరవాత చీటీ రాయి.

ఇట్లు,
మైకన్న

తా.క. తలుపులు వెడల్పుగా తెరిచి ఉంచు. జనం కదిలితే తొక్కిసలాట జరగకూడదు.

ఇంకో తా.క. అర్థం: వస్తున్నాం. నాకు వెనక వరసలో కుర్చీ వెయ్యి.

*

మా పిచ్చుకకు పెద్దమ్మ రాసేది,

ఇంతకాలం ఉత్తరాల అడుగున బతికాను. పై భాగంలో రాయడం ఇదే మొదలు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

క్షేమంగా ఇల్లు చేరాం. బస్సులో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. కండక్టరు కూడా ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

శుక్రవారం ఏం జరిగిందో నువ్వు చూశావు. కుళాయిల అబ్బాయి తీగ బాగా అతికించాడు. ఇన్నేళ్ళకు మొదటిసారి ఆ ఉపన్యాసం అందరికీ స్పష్టంగా వినపడింది. అదే వచ్చిన చిక్కు. రెండో పేజీకి ముందువరసవాళ్ళు గడియారాలు చూసుకున్నారు. నాలుగో పేజీకి హాలు సగమైంది. ఏడో పేజీకి జనం మొత్తం మెట్లు దిగి గేటు దగ్గరికి వెళ్ళిపోయారు. ఈసారి నేను చెప్పలేదు.

అవును, ఆ రోజు చెప్పింది నేనే. చంకలో ఉన్నది మీ అక్క. తెల్లవార్లూ ఇంట్లో వల్లెవేశారు కాబట్టి ఆ ఉపన్యాసం నాకు ముందే వచ్చు. వినతిపత్రం అని నాకూ తెలుసు. కానీ చుట్టూ చూశాను. ఎండలో అంతమంది నిలబడ్డారు, ఎదురుగా గేటు ఉంది. ఇళ్ళకు వెళ్ళాక మళ్ళీ సోమవారం ఎంతమంది వస్తారు? ఏమంటున్నాడమ్మా అని వాళ్ళు అడిగారు. అర్థం చెప్పాను. ఇప్పుడు ఉత్తరాల అడుగున చేస్తున్న పనే అప్పుడూ చేశాను. కాకపోతే అప్పుడు కాస్త కుదించాను.

ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని అడుగుతావు. నన్ను ఎవరూ అడగలేదు. లాకౌట్ మీద పుస్తకం వేసినప్పుడు కూడా కమిటీవాళ్ళు మా ఇంట్లోనే కూచుని రాశారు. అడిగినన్ని సార్లు టీ ఇచ్చాను. ఆ పుస్తకంలో మహిళల పాత్ర అని ఒక పేరా ఉంది. మహిళలు సహకరించారు అని రాశారు.

చీటీ సంగతి అడిగావు కదా. నా ఊసు ఎత్తకు, ఆయన మీద అబద్ధమూ వద్దు. ఇలా రాయి: "చేతి మైకు. రేకు, ప్లాస్టిక్. ఇది పని చెయ్యలేదు. గేటు తెరుచుకుంది." మీ అరచేతి చీటీకి సరిపోతుంది. మౌనం కొట్టెయ్. ఆ రోజు మైదానంలో మౌనంగా ఎవరూ లేరు, అక్కడ మాత్రం ఆయన చెప్పింది నిజం.

ఉంటాను. వేళకు తిను.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క. ఈ కవరు నేనే అంటిస్తానని తీసుకున్నాను. అడుగున చోటు ఇంత తక్కువని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. పైన రాసింది చదివాను. దానిమీద నా అభ్యంతరాలు విడిగా పంపుతాను, గోడమీద కాస్త జాగా ఉంచు. అర్థం: అంతా నిజమే. – పెద్దనాన్న