తాలింపు పడిన పచ్చి కూర

మంగళవారం, రాత్రి

డాక్టర్లు ఇక చేసేదేమీ లేదన్నాక ఈయన పచ్చి కూరగాయల మీద నమ్మకం పెట్టుకున్నారు. నాకు లేదు. అయినా పొద్దున, కోసపాళయంలో కొన్న సొరకాయ, క్యారెట్ ఉప్పునీళ్లలో కడిగి తురిమాను. ముప్పై ఏళ్ల అలవాటు కదా, చేతులు వాటంతటవే ఆవాలు, కరివేపాకు తాలింపు పెట్టేశాయి.

"ఏంది సరసా, తాలింపు ఏసినావా?" అంటూ గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

"మర్చిపోయినా. కూర్చోండి, మళ్లీ తురుముతా."

కోప్పడలేదు. కొత్తగా తురిమింది రెండు చెంచాలు తిని గిన్నె పక్కకు నెట్టారు. "నాలుగు దినాల్లో అలవాటైపోతుందిలే" అన్నారు. నాలుగు దినాలంటే...

పారేయలేక, తాలింపుది నేనే తిన్నాను. ఈయన నా పక్కనే కూర్చుని వాసన పీలుస్తూ, "మెల్లగా తిను" అన్నారు.