గోడౌన్‌లో ఎర్ర స్టిక్కర్లు

జూన్ 2, ఉదయం 6:10
విశాఖలో రెండు రోజుల క్లాసు విని వచ్చాను. గోడౌన్ నడపడానికి జపాన్ వాళ్ల పద్ధతి. పేరు లీన్. నెల రోజులుగా ఎవరూ ముట్టని వస్తువుకు ఎర్ర స్టిక్కర్ అంటించాలి. వారంలో అది బయటికి పోవాలి. అంతే!
పదహారున సబ్బుల కంపెనీ ఆఫీసరు ఉపేంద్ర గారు నరసన్నపేట వస్తారు. మా గోడౌన్ నచ్చితే మూడు మండలాల ఏజెన్సీ నాది. లేకపోతే ఎదురు షాపు మోహనకృష్ణది. వాడు రోజూ నన్ను చూసి నవ్వుతాడు. నేను భరించలేను.
స్టిక్కర్లు: 200.

జూన్ 3
స్టిక్కర్లు చాలలేదు. అంటించినవి: తోడల్లుడి పందిరి మంచాలు, చిన్నాన్న మూలపడేసిన స్కూటరు, వీధి వినాయకుడి పందిరి గుంజలు, మా ఆవిడ పద్మ పుట్టింటి గంగాళం. నా సబ్బులు వీటి వెనక ఎక్కడో ఉన్నాయి.
కళాసీ కూర్మయ్య గోనెసంచుల దొంతరకూ అంటించాను. ముప్పై ఏళ్లుగా మూటలు మోస్తున్న మనిషి, మొదటిసారి ఎదురు చెప్పాడు.
"బాబూ, దీని మీద రోజూ తొంగుంతన్నాను కదా. వాడకంలో ఉన్నదే."
రూలు ప్రకారం న్యాయమే. పీకేశాను.

జూన్ 6
అందరి సామానూ పంపించేశాను. చిన్నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. పర్వాలేదు.
నేల ఎర్రగచ్చని ఈ రోజే తెలిసింది. సబ్బులు గుమ్మం పక్కకు వచ్చాయి. లారీ లోడు ఇదివరకు రెండు గంటలు, ఇప్పుడు పదిహేడు నిమిషాలు! మిగిలిన గంటా నలభై మూడు నిమిషాలు కూర్మయ్య నిద్రపోయాడు.

జూన్ 8
పద్మ అన్నయ్య జగన్నాధం బావ వచ్చాడు. ఇంటి మీద అంతస్తు వేస్తున్నాడట.
"సూడు బావా, గోడౌను ఖాళీగా ఉన్నాది. మా సామాను ఓ మూల పడుంటే నీకేటి నష్టం?"
కుదరదన్నాను. సాయంత్రం కాఫీలో పంచదార లేదు. రాత్రి కూరలో ఉప్పు లేదు.
ఒక మూల ఇచ్చాను. చుట్టూ తెల్ల గీత గీశాను. గీత కూడా లీన్‌లో భాగమే.

జూన్ 10
గీత కనబడటం లేదు. దాని మీద బీరువా ఉంది.
బావకో న్యాయం, తనకో న్యాయమా అంటూ తోడల్లుడు మంచాలు తిరిగి తెచ్చాడు. చిన్నాన్న స్కూటరుతో పాటు వాషింగ్ మెషీన్ కూడా దింపాడు. మాటలు మాత్రం కలపలేదు.
స్టిక్కర్ వేద్దామంటే వీల్లేదు. అన్నీ ఈ నెలలో ముట్టుకున్నవే.

జూన్ 13
అడ్డంగా ఉన్నాయని సబ్బుల్ని బావ వెనక్కి నెట్టించాడు. లారీ లోడు: మూడు గంటల పది నిమిషాలు. మోహనకృష్ణ గోడౌన్‌కు రంగు వేయిస్తున్నాడు. ఏజెన్సీ పోయినట్టే. ఏడుపొచ్చింది, నిజంగానే.

జూన్ 16, ఉదయం 11:00
ఉపేంద్ర గారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఇవన్నీ ఎవరివని అడిగారు. దాచలేక ఒక్కొక్కటీ చెప్పాను. మోహనకృష్ణ గోడౌన్ చూసే వస్తున్నారట. అక్కడ ఒక్క పుల్ల కూడా లేదట.
తర్వాత ఆయన గొంతు తగ్గించారు. బదిలీ అయిందట, కొత్త ఊళ్లో ఇల్లు దొరకలేదట.
"అక్కడ అడగడానికి మొహమాటమేసింది. మీరు కాదనేవారిలా లేరు. ఒక్క నెల. ఫ్రిజ్జూ, సోఫా, ఓ నాలుగు ట్రంకులు."
ఏజెన్సీ కాగితాల మీద సంతకం పెట్టేశారు.

జూన్ 17, ఉదయం 9:30
లీన్, మళ్లీ మొదటి రోజు. ఈసారి గట్టిగా! కొత్త స్టిక్కర్లు: 200.
ఉపేంద్ర గారి సోఫా దిగింది. కొత్త ఏజెన్సీ సబ్బులు నాలుగు వందల పెట్టెలు పది గంటలకు వస్తున్నాయి. లోపల చీపురు పెట్టడానికి కూడా చోటు లేదు.
ఎదురుగా మోహనకృష్ణ గోడౌన్ మొత్తం ఖాళీ. చొక్కా మార్చుకుని వెళ్తున్నాను. వారం రోజులే అని చెప్తాను.